వంశమా? అంటువ్యాధా?
(కుష్ఠు వ్యాధి చరిత్రలో ఒక పాత ప్రశ్న)



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంఘ కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. సర్వీసు జ్ఞాపకాలు, తీర్థయాత్రలు, పెన్షన్ లెక్కలు, వీటిమీద నాకంటె బాగా వ్రాసేవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ఏమి వ్రాయాలా అని ఆలోచిస్తుండగా, పండుగకు ఇంటికి వచ్చిన మా మనుమడు ఫోనులో ఒక వార్త చూపించాడు. "తాతా, కుష్ఠు రోగం జన్యువుల్లోనే ఉంటుందట. మీ పెద్దనాయన గారికి ఉండేదని నాన్న చెప్పాడు. మరి మనకు కూడా వస్తుందా?" అని అడిగాడు. వాడికి సంబంధాలు చూస్తున్నారు. వాడు నవ్వుతూనే అడిగాడు గాని, నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పి, తరువాత అసలు విషయానికి వస్తాను.

మాది నిజామాబాదు జిల్లాలో ఒక పల్లె. మా నాయనకు అన్న ఒకరు ఉండేవారు. నేను పుట్టేనాటికే ఆయనకు ఆ జబ్బు ఉంది. మా ఇండ్లలో దాని పేరు పలికేవారు కాదు. 'పెద్దరోగం' అనేవారు, అదీ గొంతు తగ్గించి. ఇంటి వెనుక కొట్టంలో ఆయన మంచం, వేరే కంచం, వేరే చెంబు. డిచ్‌పల్లి ఆసుపత్రికి తీసుకుపోయి మందు ఇప్పించగా జబ్బు నిలిచింది గాని, అప్పటికే చేతివేళ్ళు వంకర తిరిగినవి. ఆయన కూతురు నాకు అక్క. 1962లో, ఆమెకు ఇరవై ఏండ్లప్పుడు, ఒక మంచి సంబంధం వచ్చింది. లగ్నపత్రిక వ్రాసుకునే దాకా వచ్చి మగపెండ్లివారు మానుకున్నారు. వారు చెప్పి పంపిన మాట ఒక్కటే: "వంశంలో ఉంది."

నాకప్పుడు పన్నెండేండ్లు. ఆ మాటకు అర్థం తెలియదు గాని, ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదని గుర్తుంది. అక్కకు మరి పెండ్లి కాలేదు. టీచర్ ట్రైనింగ్ చేసి, ఊళ్ళ వెంట తిరిగి పిల్లలకు చదువు చెప్పి, 2000లో రిటైరయింది.

నేను 1973లో వైద్య ఆరోగ్య శాఖలో ఎల్.డి.సి.గా చేరాను. 1978 నుంచి పదకొండేండ్లు ఒక కుష్ఠు నివారణ యూనిట్‌లో పనిచేశాను. పారా మెడికల్ వర్కర్లు ఇంటింటికీ తిరిగి తెచ్చిన కుటుంబ కార్డులను రిజిస్టరులో ఎక్కించడం నా పని. రోగి పేరు, వయస్సు, ఏ రకం జబ్బు, ఆ ఇంట్లో ఎందరు ఉన్నారు, వారిలో ఎవరికైనా మచ్చలు ఉన్నవా, ఇవీ గడులు. వ్రాస్తూ వ్రాస్తూ నాకు ఒక సంగతి కనిపించింది. ఎనిమిది మంది ఉన్న ఇంట్లో చాలాసార్లు రోగి ఒక్కరే. ముప్పై ఏండ్లు భర్తతో కాపురం చేసిన భార్యకు ఏమీ లేదు. మరొక ఇంట్లో మాత్రం తండ్రికీ ఇద్దరు కొడుకులకూ ఉన్నది. అంటురోగమైతే అందరికీ ఎందుకు అంటదు? వంశరోగమైతే ఆ ఇద్దరు కొడుకులకే ఎందుకు, మూడోవాడికి ఎందుకు లేదు? ఈ ప్రశ్న నన్ను అప్పటినుంచీ వదలలేదు. రిటైరయిన తరువాత దొరికినంతవరకు చదివాను. నేను డాక్టరును కాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను, అంతే.

నార్వే దేశపు రిజిస్టరు

కుష్ఠు మన దేశానికి కొత్త కాదు. రాజస్థాన్‌లోని బాలాథల్ అనే చోట తవ్వకాలలో నాలుగు వేల ఏండ్లనాటి అస్థిపంజరంలో దీని గుర్తులు కనిపించినవి. సుశ్రుతసంహితలో కుష్ఠము గూర్చి వివరంగా ఉన్నది. అయితే 'ఇది వంశమా, అంటువ్యాధా' అనే వాదం శాస్త్రపద్ధతిలో తేలింది మాత్రం చలిదేశమైన నార్వేలో.

నూట డెబ్బై ఏండ్ల క్రితం నార్వే పడమటి తీరంలో పేద రైతులలో, చేపలు పట్టేవారిలో ఈ వ్యాధి చాలా ఎక్కువగా ఉండేది. బెర్గెన్ పట్టణంలో డేనియల్సన్ అనే గొప్ప వైద్యుడు ఉండేవాడు. ఆయన, బోయెక్ అనే మరొక వైద్యుడు కలిసి 1847లో కుష్ఠు మీద పెద్ద గ్రంథం ప్రకటించారు. రోగులు ఏయే కుటుంబాలలో ఉన్నారో చూసి, ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే వంశవ్యాధి అని అందులో తీర్మానించారు. డేనియల్సన్ మాటల మనిషి కాదు. రోగుల పుండ్లనుంచి తీసిన పదార్థాన్ని తన శరీరంలోకే ఎక్కించుకున్నాడు, తన సిబ్బందిలో కొందరికి కూడా ఎక్కించాడు. ఎవరికీ జబ్బు రాలేదు. 'చూశారా, ఇది అంటదు' అన్నాడు. నాటి యూరప్ అంతా ఆయన మాటే నమ్మింది. 1867లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఇచ్చిన నివేదిక కూడా కుష్ఠు అంటువ్యాధి కాదనే చెప్పింది.

అదే నార్వేలో 1856లో ప్రభుత్వం ఒక పని చేసింది. దేశంలోని కుష్ఠు రోగులందరి పేర్లూ ఒక రిజిస్టరులో ఎక్కించింది. అటువంటి జాతీయ రిజిస్టరు ఏ వ్యాధికైనా అంతకుముందు ఉన్నట్లు కనబడదు. ఆ రోజులలో రోగుల సంఖ్య మూడు వేలకు కొంచెం తక్కువ. ఊరు, ఇల్లు, బంధుత్వం అన్నీ వ్రాసి పెట్టారు. మన వంటి గుమాస్తాలు ఎవరో దీపం వెలుతురులో కూర్చుని వ్రాసి ఉంటారు. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

ఆ ఆసుపత్రిలో చేరిన యువ వైద్యుడు గెర్హార్డ్ ఆర్మావర్ హాన్సెన్. డేనియల్సన్‌కు శిష్యుడే గాక అల్లుడు కూడా. రిజిస్టరునూ ఊళ్ళనూ పరిశీలించిన మీదట హాన్సెన్‌కు మామగారి సిద్ధాంతం మీద నమ్మకం పోయింది. 1873 ఫిబ్రవరి 28న రోగి కణుపు నుంచి తీసిన పదార్థాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తుండగా సన్నని కడ్డీల వంటి క్రిములు కనిపించినవి. మనిషికి వచ్చే దీర్ఘరోగం ఒకదానికి సూక్ష్మక్రిమి కారణమని చూపడంలో అదే తొలి అడుగులలో ఒకటి. అల్లుడు తన సిద్ధాంతాన్నే కూలదోస్తున్నా డేనియల్సన్ అతని పరిశోధనకు అడ్డుపడలేదు. ఇది మనం మెచ్చుకోదగిన సంగతి.

హాన్సెన్ చేసిన తప్పును కూడా చెప్పాలి. క్రిమి అంటుతుందని రుజువు చేసే ఆత్రంలో 1879లో ఒక స్త్రీ రోగి కంటిలో, ఆమె అనుమతి లేకుండా, మరొక రోగి కణుపులోని పదార్థాన్ని ఎక్కించబోయాడు. ఆమె ఫిర్యాదు చేసింది. 1880లో కోర్టు విచారించి ఆయనను ఆసుపత్రి ఉద్యోగం నుంచి తొలగించింది. రోగి పేదరాలైనా ఆమె మాట చెల్లిన రోజు అది.

1888లో హాన్సెన్ అమెరికా వెళ్ళాడు. నార్వే నుంచి వలస వెళ్ళినవారిలో కుష్ఠు రోగులు కూడా ఉండిరి. వంశవ్యాధి అయితే వారి పిల్లలకు, మనుమలకు రావాలి గదా. మిన్నెసోటా మొదలైన రాష్ట్రాలలో వెదికితే అక్కడ పుట్టిన సంతానంలో ఆయనకు ఒక్క రోగీ కనిపించలేదు. అదే రక్తం, కొత్త దేశంలో జబ్బు లేదు. ఇటు నార్వేలో కూడా రోగులను విడిగా ఉంచి, జీవన పరిస్థితులు బాగుపడగా, యాభై ఏండ్లలో రోగుల సంఖ్య కొన్ని వందలకు దిగింది. వంశాలు మారలేదు, రోగం తగ్గింది.

ఒక దీవిలో ముగ్గురు

అదే 1873లో ఫాదర్ డామియన్ అనే బెల్జియం దేశపు క్రైస్తవ సన్యాసి హవాయి ప్రాంతంలోని మోలకై దీవిలో రోగుల సేవకు వెళ్ళాడు. పది పన్నెండేండ్లకు ఆయనకు కూడా ఆ వ్యాధి సోకింది. 1889లో మరణించాడు. ప్రపంచమంతా భయపడింది. అదే దీవిలో 1888 నుంచి 1918లో కన్నుమూసేదాకా ముప్పై ఏండ్లు రోగులకు సేవ చేసిన మదర్ మరియాన్ కోప్‌కు ఆ వ్యాధి రాలేదు. 1886లో వచ్చి నలభై నాలుగేండ్లు పుండ్లు కడిగిన బ్రదర్ డటన్‌కూ రాలేదు. ముగ్గురిని చూసి ఏదీ రుజువు కాదు గాని, నా రిజిస్టరులోని ప్రశ్న అక్కడా ఉన్నది. ఒకరికి అంటినది మరొకరికి ఎందుకు అంటలేదు?

ఇప్పుడు తెలిసినదేమంటే, నూటికి తొంభై అయిదు మందికి ఈ క్రిమిని సహజంగానే ఎదుర్కొనే శక్తి ఉన్నది. డేనియల్సన్ సూది పొడుచుకున్నా జబ్బు రాకపోవడానికి కారణం వ్యాధి అంటనిది కావడం కాదు. ఆయనా ఆయన సిబ్బందీ ఆ తొంభై అయిదు మందిలోనివారై ఉంటారు. పరీక్ష నిజమే, తీర్మానం తప్పు.

మన దేశంలో

డామియన్ మరణం తరువాత ఇంగ్లండులో చందాలు పోగుచేసి మన దేశానికి ఒక కమిషన్‌ను పంపారు. 1890-91లో వారు దేశమంతా తిరిగి, ఇది వంశపారంపర్య వ్యాధి కాదనీ, అంటే గుణం కూడా బహు స్వల్పమనీ నివేదించారు. అయినా భయమే గెలిచింది. 1898లో లెపర్స్ యాక్ట్ వచ్చింది. అడుక్కునే రోగిని వారంటు లేకుండా పట్టుకుని ఆశ్రమాలలో ఉంచే అధికారం ఇచ్చింది. ఆ చట్టాన్ని 2016లో గాని రద్దు చేయలేదు.

భయం నడుమ దయ చూపినవారూ లేకపోలేదు. మా జిల్లాలో డిచ్‌పల్లి ఆసుపత్రిని 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ దేశపు వైద్యురాలు, ఆమె భర్త ప్రారంభించారు. దానికి పెద్ద విరాళం ఇచ్చినది ఈ గడ్డ మనిషి, నర్సాగౌడ్ గారు. మొదట చాల్‌మోగ్ర జాతి గింజల నూనె ఇంజెక్షన్లు ఇచ్చేవారు. 1941లో అమెరికాలో సల్ఫోన్ మందులు ఫలితం ఇచ్చిన తరువాత డాప్సోన్ బిళ్ళలు వచ్చినవి. మా పెద్దనాయనకు జబ్బు నిలిచినది వాటితోనే. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. మా యూనిట్‌లో నెలకొకసారి ఎదురుగా మింగించే మందు, మిగతా రోజులకు ఇంటికి ఇచ్చే మందు, ఈ పద్ధతి మొదలైనప్పుడు రిజిస్టరులో కొత్త గడి గీసింది నేనే. 'విడుదల' అని.

కవలల సంగతి

ఇక మా మనుమడు చూపిన వార్త దగ్గరకు వస్తాను. హాన్సెన్ తరువాత 'వంశం' అనే మాటను వైద్యులు పక్కన పెట్టారు. కాని నా రిజిస్టరు ప్రశ్న వారికీ ఉన్నది. దానికి జవాబు వెదికినవారిలో చక్రవర్తి, ఫోగెల్ అనే ఇద్దరు పరిశోధకులు కవలలను ఎంచుకున్నారు. పశ్చిమ బెంగాల్‌లోనూ, మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఊళ్ళు తిరిగి, ఒకరికైనా కుష్ఠు ఉన్న 102 జతల కవలలను చూశారు. ఆ గ్రంథం 1973లో వచ్చింది, హాన్సెన్ క్రిమిని చూసిన సరిగ్గా నూరేండ్లకు.

కవలలు రెండు రకాలు. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండేవారికి జన్యువులు ఒకటే. మిగతా కవలలు మామూలు అన్నదమ్ముల వంటివారే, ఒకేసారి పుట్టారంతే. ఒకేలా ఉండే కవలలు 62 జతలలో ఇద్దరికీ జబ్బు ఉన్నవి 37 జతలు, నూటికి సుమారు అరవై. రెండో రకం 40 జతలలో అటువంటివి 8, అంటే నూటికి ఇరవై. రెండు రకాలవారూ ఒకే ఇంట్లో ఒకే తిండి తిని పెరిగినవారే. కనుక తేడాలో కొంత భాగం పుట్టుకతో వచ్చినదని ఒప్పుకోవాలి. లోకంలో ఒకేలా ఉండే కవలలకంటె రెండో రకం వారే ఎక్కువ. ఇక్కడ లెక్క తలక్రిందులుగా ఉన్నది. ఇద్దరికీ జబ్బు ఉన్న జంటలు త్వరగా కంటబడి ఉండవచ్చునని తరువాతివారు అన్నారు. అది న్యాయమైన అభ్యంతరమే.

అయితే ఆ లెక్కలోనే మరొక సంగతి ఉన్నది. ఒకే జన్యువులు ఉన్న 62 జతలలో 25 జతలలో ఒకరికి జబ్బు ఉన్నది, రెండోవారికి లేదు. వంశమే అంతా అయితే ఈ 25 జతలు ఉండకూడదు. నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాను.

జన్యువుల వేట

2001లో కుష్ఠు క్రిమి జన్యువులన్నింటినీ చదివారు. సగానికి దగ్గరగా పనిచేయని జన్యువులు. 2005లో వివిధ దేశాల క్రిములను పోల్చి చూస్తే వాటి మధ్య తేడా అతి స్వల్పం. అనగా మన ఊరి క్రిమి, బ్రెజిల్ దేశపు క్రిమి దాదాపు ఒకటే. ఒకరికి చిన్న మచ్చతో పోవడం, మరొకరికి ఒళ్ళంతా కణుపులు కట్టడం, ఇంకొకరికి అసలే రాకపోవడం, ఈ భేదం ఎక్కువగా మనిషి వైపునుంచి వస్తున్నది. రైతు బిడ్డలకు చెప్పనక్కరలేదు: విత్తనం ఒకటే అయినా చెలక చెలకకు పంట వేరు.

అందుకే మనుషుల జన్యువులలో వెదికారు. 2001లో దక్షిణ భారత కుటుంబాలను పరీక్షించి పదవ క్రోమోజోము మీద ఒక స్థానాన్ని గుర్తించారు. 2004లో వియత్నాం, బ్రెజిల్ రోగులలో పార్క్-2 అనే జన్యువుకు సంబంధం ఉన్నదన్నారు. చిన్న వయస్సులో వచ్చే పార్కిన్సన్ వణుకు జబ్బులో అంతకుముందే తెలిసిన జన్యువు అది. మన దేశంలో పరీక్షిస్తే ఆ సంబంధం అంత బలంగా కనిపించలేదు. 2009లో చైనాలో 706 మంది రోగులతో మొదలుపెట్టి, అర డజను చోట్ల తేడాలు పట్టుకున్నారు. వాటిలో నాడ్-2 అనే జన్యువు, శరీరంలోకి వచ్చిన క్రిమి గోడ ముక్కలను గుర్తుపట్టే పనిలో ఉంటుంది. కావలివాని వంటిది. కావలివానికి చూపు ఒక్కొక్కరిలో ఒక్కొక్క తీరుగా ఉంటుందన్నమాట.

2018లో వచ్చిన పరిశోధన మరీ విచిత్రం. డెన్మార్క్‌లోని ఓడెన్స్ పట్టణంలో మధ్యయుగపు కుష్ఠు ఆసుపత్రి శ్మశానం ఉన్నది. అక్కడి అస్థిపంజరాలనుంచి తీసిన జన్యుపదార్థంలో, రోగనిరోధక శక్తికి సంబంధించిన హెచ్.ఎల్.ఏ. వర్గంలోని ఒక రకం, మామూలు జనంలోకంటె ఎక్కువగా కనిపించింది. నేటి భారతీయ రోగులలోనూ, చైనా రోగులలోనూ కనిపించిన వర్గమే అది. నూర్ల ఏండ్ల క్రితం ఊరి వెలుపల పూడ్చబడినవారికీ, మన యూనిట్‌లో మందు తీసుకున్నవారికీ ఆ మేరకు చుట్టరికం ఉన్నది.

ఈ జ్ఞానం వల్ల ఒక ప్రయోజనం కూడా కలిగింది. డాప్సోన్ బిళ్ళ కొందరికి పడక, జ్వరం, దద్దుర్లు, కామెర్లతో ప్రాణం మీదికి వస్తుంది. ఎవరికి అలా అవుతుందో ముందుగా చెప్పగల జన్యుగుర్తును 2013లో చైనాలో కనిపెట్టారు. రక్తపరీక్షతో ఆ ప్రమాదాన్ని తప్పించే వీలు కలిగింది.

మరి మా మనుమడికి ఏమి చెప్పాను?

"నాయనా, వంశంలో వచ్చేది జబ్బు కాదు. క్రిమి సోకితే తట్టుకునే శక్తిలో హెచ్చుతగ్గులు వస్తవి, అవీ పూర్తిగా కాదు, కొంతవరకు. క్రిమి లేనిదే ఆ జబ్బు లేదు. విత్తనం పడని చెలకలో మొలక రాదు. ఆ ఒక్క జన్యువు, ఈ ఒక్క జన్యువు కలిగించే తేడా స్వల్పం. మందు తీసుకుంటున్న రోగి వల్ల త్వరలోనే ఎవరికీ అంటకుండా పోతుంది. 1983లో మన దేశంలో పదివేల మందికి సుమారు 58 మంది రోగులు ఉండిరి. 2005 డిసెంబరు నాటికి ఒక్కరికంటె తక్కువకు దిగినారు. ఆ ఇరవై రెండేండ్లలో మన జాతి జన్యువులు మారలేదు. మందు, మందు ఇచ్చే మనుషులు మారారు" అని చెప్పాను.

చట్టం కూడా ఆలస్యంగానైనా మారింది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో కుష్ఠు విడాకులకు ఒక కారణంగా ఉండేది. దానిని 2019లో తొలగించారు.

మన సభ్యులకు నా మనవి ఒకటి. జబ్బు పోలేదు. ఇప్పటికీ ఏటా దేశంలో లక్షమంది దాకా కొత్త రోగులు బయటపడుతున్నారు. చర్మం మీద రంగు తగ్గిన లేక ఎర్రబారిన, స్పర్శ లేని మచ్చ కనిపిస్తే దాచవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితం. ఆరు నెలలు, లేదా సంవత్సరం. మన ఇండ్లలో పెండ్లి మాటలు వచ్చినప్పుడు పెద్దలుగా కూర్చునేది మనమే. అక్కడ ఎవరైనా "వంశంలో ఉందట" అంటే, ఆ మాటను అక్కడే ఆపవలసిన బాధ్యత కూడా మనదే.

మా అక్క 2022లో ఎనభైయవ ఏట చనిపోయింది. ఆమెకు ఏనాడూ ఒక్క మచ్చ రాలేదు. కాని ప్రతిరోజూ ఉదయం కిటికీ దగ్గర నిలబడి రెండు చేతులూ తిప్పి చూసుకునేది. నేను యూనిట్‌లో ఉండగా ఒకసారి మా డాక్టరు గారి దగ్గరకు తీసుకుపోయి, ఇది వంశరోగం కాదని ఆయన నోటనే చెప్పించాను. ఆమె అంతా విన్నది. బస్సులో వస్తూ, "ఈ మాట ఇరవై ఏండ్ల కింద ఎవరన్న చెప్పి ఉంటే బాగుండురా తమ్ముడూ" అన్నది. అయినా మరునాడు పొద్దున మళ్ళీ చేతులు చూసుకున్నది.

మా మనుమడి పెండ్లి మాటలలో పెద్దనాయన సంగతి నేనే ముందుగా చెబుతాను. దాచను. అడిగితే ఈ వ్యాసం చేతికి ఇస్తాను.

– విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, వైద్య ఆరోగ్య శాఖ